సుల్తాన్ తవ్విన గుంటలు

ఆడమనిషి వీధిలో నడిచి వస్తుంటే ఎన్నో నెలో చెప్పగలనని నాకు గర్వం. బాపట్లలో పద్నాలుగేళ్లుగా ఆశా వర్కర్‌గా చేస్తున్నాను. మూడో నెల దాటినా పేరు రాయించుకోని కోడళ్లని, ఐరన్ మాత్రలు బీరువా వెనక పడేసే పిల్లలని చూపుతోనే పట్టేస్తాను. అలాంటిది నా ఇంట్లో, నా కళ్ల ముందు, నేను పెట్టిన గిన్నెలో నీళ్లు తాగుతూ ఒక ప్రాణి కడుపుతో తిరిగితే నాకు తెలియలేదు. తెలిశాక నేను చేసింది ఇంకా పాపం. మీరేమైనా అనుకోండి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

దాని పేరు సుల్తాన్. ఇగ్వానా అంటారట ఆ జాతిని. పచ్చటి పెద్ద తొండ అనుకోండి. ముక్కు నుంచి తోక కొస దాకా నాలుగడుగులు, వీపు పొడుగునా ముళ్లు, గడ్డం కింద ఎద్దుకున్నట్టు గంగడోలు. మా ఆయన వాసిం మూడేళ్ల కిందట దాన్ని రేపల్లె నుంచి తెచ్చాడు. అక్కడ రైసు మిల్లు శశిధర్ గారింట్లో ఓణీల ఫంక్షన్‌కి ఫోటోలు తీయడానికి వెళ్లాడు. వాళ్లు ముచ్చటపడి ఎక్కడో కొన్నారు, ముచ్చట తీరాక మేడ మీద పంజరంలో పడేశారు. ‘తీసుకుపో వాసిం, మగది, రోజుకో ఉడకబెట్టిన గుడ్డు పడేస్తే చాలు’ అన్నారట. ఈ మహానుభావుడు కెమెరా సంచి ఖాళీ చేసి, అందులో దాన్ని కూర్చోబెట్టుకుని, తెనాలిలో బండి మారి మరీ ఇంటికి తెచ్చాడు.

నేను గుమ్మంలోనే ఆపాను. “పక్కింటివాళ్లు బల్లి మీద పడితే తలస్నానం చేస్తారు. మీరు మొసలిని భుజానేసుకుని వచ్చారేంటండీ?” అన్నాను. నవ్వాడు. మంచం ఎక్కకూడదన్నాను, ఎక్కనివ్వనన్నాడు. వంటింట్లోకి రాకూడదన్నాను, సరేనన్నాడు. వంటింట్లో మాత్రం గ్యాస్ బండ పక్కన వెచ్చగా ఉంటుందని అదే చేరింది, నేనే అలవాటు పడ్డాను.

మా ఆయన సూర్యలంక బీచ్‌లో ఫోటోగ్రాఫర్. మెడలో కెమెరా, సంచిలో చిన్న ప్రింటరు, అప్పటికప్పుడు ఫోటో చేతిలో పెట్టడం ఆయన పని. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. ఒక ఆదివారం సరదాకి సుల్తాన్‌ని భుజం మీద పెట్టుకుని వెళ్లాడు. గుంటూరు నుంచి వచ్చిన బస్సు బస్సంతా ఆయన చుట్టూ మూగింది. ‘డైనోసార్ బాబూ, నా భుజం మీద పెట్టు’ అని ఒకరు, ‘మా పాపకి పెట్టు’ అని ఒకరు. అప్పటి నుంచి మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే దాని పుణ్యమే. నేను కాదనను.

దాని గురించి ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి చూసి పండితుడైపోయాడు. అన్నం తింటూ నాకు పాఠం చెప్పేవాడు. దాని సొంత ఊరు ఎక్కడో సముద్రాల అవతల వానలు ఆగని అడవి. ఏటి మీదికి వంగిన చెట్ల చిటారు కొమ్మన ఎండకి పడుకుంటుంది. గద్ద వస్తే కొమ్మ మీద నుంచి దబ్బుమని నీళ్లలోకి దూకి, కాళ్లు ఒంటికి ఆనించుకుని తోకతో ఈదుకుంటూ పోతుంది. గుడ్డూ మాంసమూ దాని తిండి కానే కాదు, ఆకులే. “వాళ్లు రేపల్లెలో గుడ్లు పెట్టి సగం చంపారు దీన్ని,” అనేవాడు. తిన్న ఉప్పు ఎక్కువైతే ముక్కులోంచి చీదేస్తుంది. ముక్కు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటే నేను దానికి జలుబు చేసిందని విక్స్ పట్టుకుని వెళ్లాను. ఆ కథ బీచ్ అంతా చెప్పి నవ్వాడు.

దాని నెత్తి మీద ఇంకో కన్నుంది. పొలుసుల మధ్య చిన్న బూడిదరంగు చుక్క. బొమ్మలు కనబడవు, వెలుగూ నీడా తెలుస్తాయి అంతే. అందుకే ఆయన ప్రతివాళ్లకీ చెప్పేవాడు, “పైనుంచి చెయ్యి పెట్టకండి సార్, గద్దనుకుని బెదురుతుంది, పక్క నుంచి నిమరండి” అని. జనం విని, నవ్వి, సరిగ్గా పైనుంచే చెయ్యి పెట్టేవాళ్లు. అది కళ్లు మూసుకుని బిగుసుకుపోయేది. మూడేళ్లలో రోజుకి ఎన్ని గద్దలు వాలాయో దాని మీద, ఆలోచిస్తే ఇప్పుడు నా ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం నాకేం పట్టలేదు.

నిజం చెప్పాలంటే నాకు అదంటే కుళ్లు. మాకు పిల్లల్లేరు. పెళ్లయి పదహారేళ్లయింది. తెనాలి డాక్టర్లు, గుంటూరు డాక్టర్లు, మందులు, మొక్కులు అన్నీ అయ్యాయి, తర్వాత ఆ మాట ఎత్తడం ఇద్దరం మానేశాం. ఊళ్లో పిల్లలందరి పుట్టిన తేదీలు నాకు నోటికొచ్చు. ‘ఆశా అక్కకే లేరు పాపం’ అనేవాళ్లు నా చెవిన పడేట్టుగానే అంటారు. ఇంటికొస్తే ఈయన నాతో రెండు మాటలు మాట్లాడి, దానితో గంట మాట్లాడతాడు. మందార పువ్వు ఒక్కో రేకూ తుంచి నోటికి అందిస్తాడు. నాకు ఒళ్లు మండదా?

కార్తీక మాసం సముద్ర స్నానాలు అయిపోయిన వారానికి మొదలైంది. “దీనికేదో అయింది షాహీనా. ఫోటోకి నిలబడట్లేదు. దించితే చాలు ఇసుక తవ్వుతోంది,” అన్నాడు. నేను ఒక రోజు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. ముందు కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా గీకుతుంది, వెనక కాళ్లతో ఇసుకని వెనక్కి తంతుంది. కాసేపటికి తల, మెడ, భుజాలు గుంటలోకి పోతాయి. ఈలోపు ఎవరో ఫోటో అంటారు. దాని నడుముకి కట్టిన తాడు పట్టుకుని ఈయన వెనక్కి లాగుతాడు. అది నాలుగు కాళ్లతో ఇసుకని పట్టుకుంటుంది, ఉడుము పట్టు అంటారు చూడండి, అలా. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు. వదలగానే ఇంకోచోట మొదలు.

“పారిపోదామని చూస్తోందేమో. అడవి గుర్తొచ్చి ఉంటుంది,” అన్నాడు ఆయన దిగులుగా.

ఇంట్లోనూ అంతే. వంటింటి మూల టైల్స్ మీద పొద్దస్తమానం గీకుడు. బర్రు బర్రుమని ఆ చప్పుడుకి నాకు పిచ్చెక్కేది. గోళ్లు అరిగి ఒక వేలికి నెత్తురు కూడా వచ్చింది. నేను ఆ మూలకి స్టూలు, దాని మీద బియ్యం డబ్బా అడ్డంపెట్టాను. అది స్టూలు కాలిని గీకింది. తిండి మానేసింది. పొట్ట మాత్రం పెరిగింది. కూర్చోబెట్టి మేపితే కొవ్వు పట్టక ఏమవుతుంది అన్నాను నేనే.

డిసెంబరు రెండో ఆదివారం. క్యారేజీ తీసుకుని బీచ్‌కి వెళ్లాను. ఈయన తాడు నా చేతికిచ్చి, ప్రింటరుకి కాగితాలు తేవడానికి పార్కింగ్ దగ్గరి షాపుకి వెళ్లాడు. ఒకావిడ వచ్చి మా ముందు గొంతుక్కూర్చుంది. యాభై దాటి ఉంటాయి, కాటన్ చీర, కళ్లజోడు. ఫోటో అడగలేదు. సుల్తాన్‌ని పక్క నుంచి, పొట్ట కింద నుంచి మెల్లగా తడిమింది. అది బెదరలేదు.

“ఎన్నాళ్లనుంచి తవ్వుతోందమ్మా ఇది?”

“పది రోజులైందండి. పొగరు.”

“తింటోందా?”

“లేదండి. నీళ్లు మాత్రం తాగుతోంది.”

“నా పేరు హైమావతి. తెనాలిలో కాలేజీలో జువాలజీ చెప్తాను. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు.”

పెట్టాను. పల్చటి చర్మం కింద గుండ్రగా, ఒకదాని పక్కన ఒకటి, సంచిలో గోళీల్లాగా తగిలాయి. నా చెయ్యి ఠక్కున వెనక్కి వచ్చేసింది. పద్నాలుగేళ్లుగా పొట్టలు తడుముతున్న చెయ్యి అది.

“ఇది ఆడది. ఒంటినిండా గుడ్లున్నాయి,” అందావిడ.

నేను నవ్వాను. “భలేవారండి. మగ తోడే లేదు దీనికి. మూడేళ్లుగా మా ఇంట్లో ఒంటరిగానే ఉంది.”

“పుంజు లేకపోతే కోడిపెట్ట గుడ్డు పెట్టదా? ఇదీ అంతే. ఆ గుడ్లలో పిల్లలుండవు, పొదిగినా ఏం రావు. కానీ బయటికి మాత్రం రావాలి. వీటి అడవిలో ఆడవి చెట్టు దిగి, ఏటి ఒడ్డు ఇసుక వెతుక్కుంటూ పోతాయి. లోపల ఒళ్లు తిప్పుకునేంత సొరంగం తవ్వి అందులో పెడతాయి. మనసుకి నచ్చిన చోటు దొరక్కపోతే పెట్టవమ్మా. ఆపేసుకుంటాయి. లోపలే ఆపుకుని ఆపుకుని చచ్చిపోతాయి.”

“మరేం చెయ్యాలండి?”

“ఏం చెయ్యక్కర్లేదు. తాడు విప్పెయ్యండి. అదిగో ఆ సరుగుడు చెట్ల వైపు, అల రాని చోట, కాస్త తవ్వితే తడి తగులుతుంది చూడు, అక్కడ వదలండి. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఎవరూ ముట్టుకోకూడదు, లాగకూడదు. మీరు దూరంగా కూర్చుని కుక్కలు రాకుండా చూడండి చాలు. అదే తవ్వుకుంటుంది, అదే పెడుతుంది. ఇంకో పది పన్నెండు రోజుల కంటే ఆలస్యం చెయ్యొద్దు. మీ ఆయనకి చెప్పు, మర్చిపోకు.”

నా ఫోన్‌లో తన నంబరు తనే కొట్టి, తోడొచ్చినవాళ్లతో వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాడు చివర అది మళ్లీ గీకుతోంది. మొగుడు లేకుండా దీనికి కడుపు. మొగుడుండి, పదహారేళ్లు డాక్టర్ల ముందు పడుకుని లేచి, నాకు లేదు. అదీ ఒక్కటి కాదు, ఒంటినిండానట. ఈ మాట నేను మా ఆయనకి చెప్పాలట. చెబితే ఆయన మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అటు నడిచి, సరుగుడు చెట్ల కింద చాప వేసుకుని, రెండు రోజులు తిండీ నిద్రా మాని కాపలా కూర్చుంటాడు. నా కోసం ఆసుపత్రి వరండాల్లో అలాగే కూర్చునేవాడు ఒకప్పుడు.

ఆయన కాగితాలతో తిరిగి వచ్చాడు. “ఏమందావిడ? అంతసేపు మాట్లాడింది.”

“ఏముంది, ఎక్కడ దొరుకుతుందని అడిగింది,” అన్నాను.

అంతే నేను చెప్పింది. ఆ రోజు చెప్పింది అదే, మర్నాడూ అదే. రేపు చెబుదాం అనుకున్నాను. సోమవారం ఒక కాన్పు కేసుకి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాను. బుధవారం టీకాలు. తర్వాత క్రిస్మస్ సెలవులు, బీచ్ నిండా జనం, ఈయనకి ఊపిరి సలపని రోజులు. ఈ ఒక్క ఆదివారం గడవనీ అనుకున్నాను. జనం ఉన్నారు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కానీ అది అబద్ధం. నాకు చెప్పబుద్ధి కాలేదు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

రోజూ సాయంత్రం ఇంటికొచ్చి దాని ఒంటి మీద ఇసుక తుడుస్తూ చెప్పేవాడు. “ఇవాళ నాలుగు గుంటలు తవ్వింది. పిల్లలు కాలు పెట్టి పడతారని నాలుగూ పూడ్చేశాను.” నేను పప్పు తిరగమోత వేస్తూ వినేదాన్ని. ఇంకోరోజు, “ఇవాళ రెండే,” అన్నాడు. జనవరి ఒకటిన ఉత్సాహంగా వచ్చాడు. “దారికొచ్చింది షాహీనా. అసలు తవ్వలేదు. రోజంతా బుద్ధిగా భుజం మీద కూర్చుంది.”

గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. నొప్పులు వచ్చినట్టే వచ్చి ఆగిపోయిన కేసులు నేను చూశాను. అప్పటికి ఆవిడ చెప్పి పద్దెనిమిది రోజులు.

మూడో తారీఖు పొద్దున చూస్తే దాని పచ్చరంగు పోయి, తడిసిన బొగ్గు రంగుకి వచ్చింది. ముందు కాలి వేళ్లు వణుకుతున్నాయి. కళ్లు సగం మూసుకుని గ్యాస్ బండకి ఆనుకుని ఉంది. ఈయన మందార పువ్వు ముక్కు దగ్గర పెట్టి, “తిను రాజా, ఒక్క రేకు తిను,” అంటున్నాడు. నా సంచిలో గర్భిణులకిచ్చే కాల్షియం మాత్రలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి నూరి, నీళ్లలో కలిపి, డ్రాపర్‌తో దాని పెదవి పక్క నుంచి పోశాను. ఇన్నాళ్లూ ఆ సంచి దానికి రెండడుగుల దూరంలోనే మేకుకి వేలాడుతూ ఉంది.

“సూర్యలంక తీసుకెళ్దాం పదండి,” అన్నాను.

“ఇలా ఉంటే బీచ్‌కా? ఎందుకు?”

“గాలి తగిలితే కోలుకుంటుంది. పదండి.”

పదమంటే వచ్చాడు. సరుగుడు చెట్ల కింద తాడు విప్పించాను. అది కదల్లేదు. నేనే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడాను, తడి తగిలే దాకా, మోచేయి లోతు దాకా. ఈయన వింతగా చూస్తున్నాడు. దాన్ని ఎత్తి ఆ గుంట అంచున పెట్టాను. పెట్టు తల్లీ, ఎవరూ లాగరు, పెట్టు అని గొణిగాను. అది గుంట అంచున గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్క గీకు గీకలేదు.

మా ఊళ్లో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయం. ఇలాంటి పరాయి దేశం జంతువులుంటే ఆన్‌లైన్‌లో రాయించాలని పేపర్లో వచ్చింది, మేం రాయించలేదు, ఫారెస్టు వాళ్లకి చెబితే పట్టుకుపోతారని ఈయన హడలు. ఇంటికొచ్చాక నేను పెరట్లోకి వెళ్లి హైమావతి మేడంకి ఫోన్ చేశాను.

“పెట్టిందామ్మా?” అని ఆవిడే అడిగింది, సూర్యలంక అనగానే.

“లేదండి.”

“ఎన్ని రోజులు వదిలారు ఇసుకలో?”

“ఇవాళేనండి, ఒక్క పూట,” అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. తెనాలిలో ఫిన్నీ అని ఒక డాక్టరున్నాడని, చిలకలూ తాబేళ్లూ చూస్తాడని, పొద్దున మొదటి బండికే రమ్మని చెప్పింది.

మర్నాడు బుట్టలో పాత చీర పరిచి, దాన్ని పడుకోబెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి రైలెక్కాం. ఎదురు సీటు పెద్దాయన “ఏంటమ్మా, కోడిపెట్టా?” అని అడిగాడు. “అవునండి,” అన్నాను. ఈయన గుడ్డ కింద చెయ్యి పెట్టుకుని తెనాలి దాకా అలాగే కూర్చున్నాడు.

డాక్టర్ ఫిన్నీ చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. ఎక్స్‌రే తీసి లైటు ముందు పెట్టాడు. గుండ్రటి నీడలు, లెక్క పెట్టడానికి లేనన్ని, ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటున్నాయి. ఊపిరితిత్తులకి చోటు లేదు. మా ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

“ఆడదా?” అన్నాడు. “గుడ్లా సార్ అవి?”

“ఏం పెడుతున్నారండీ దీనికి?”

“తోటకూర, గోంగూర. తాజావే సార్, రోజూ రైతు బజార్లో.”

“అవే పెట్టకూడదండి ఎక్కువగా. వాటిలో ఉన్న ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మునగాకు, అవిసాకు పెట్టాల్సింది. కాల్షియం లేక కండరాలు పని చెయ్యట్లేదు, ఇంక సొంతంగా బయటికి తొయ్యలేదు.” మునగాకు తినండర్రా అని నేను చెప్పని గర్భిణి మా వార్డులో లేదు.

“ఎన్నాళ్లైంది తిండి మానేసి?”

“నెల దాటింది సార్.”

కాన్పులో తల్లి చనిపోయిన ఇంటికి వెళ్లినప్పుడు మా దగ్గర రాసే ఫారం ఒకటుంది. ఆలస్యం ఎక్కడ జరిగింది అని అడుగుతుంది. ఇంట్లో తేల్చుకోవడంలోనా, దారిలోనా, ఆసుపత్రిలోనా. నేను ఎన్నో ఇళ్లలో ఏడ్చేవాళ్ల ముందు కూర్చుని, కాళ్లు ముడుచుకుని, ఆ ప్రశ్న అడిగాను. మొదటి దాని దగ్గర తలొంచుకునే అత్తల మీద నాకు ఎంత అసహ్యమో చెప్పలేను.

“నెల రోజులా? ఎవరూ చెప్పలేదా మీకు, తవ్వుతోందంటే గుడ్లకేనని?” అన్నాడు డాక్టరు.

“మాకెవరు చెప్తారు సార్,” అన్నాడు మా ఆయన.

నేను గోడ మీది కుక్కపిల్లల క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆపరేషన్ ఒక్కటే దారి, బతకడం మాత్రం చెప్పలేనన్నాడు. ఈయన సంతకం పెట్టాడు. బల్ల మీదికి తీసుకెళ్లేటప్పుడు సుల్తాన్ కళ్లు తెరిచి తల రెండుసార్లు పైకీ కిందకీ ఆడించింది. ఈయన ఇంటికి రాగానే గుమ్మం దగ్గర అలాగే ఆడించేది. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాం. డాక్టరు చేతి తొడుగులు తీసేసుకుంటూ బయటికొచ్చాడు. గుడ్లన్నీ తీశాడట, కుట్లు వేస్తుంటే ఊపిరి ఆగిందట.

“మూడు వారాల ముందు ఇసుకలో వదిలేసి ఉంటే ఈ ఆపరేషనే అక్కర్లేదండి,” అన్నాడు. మంచివాడే, బాధతో అన్నాడు.

మా ఆయన లోపలికి వెళ్లి బల్ల పక్కన నిలబడ్డాడు. స్టీలు ట్రేలో నలభై మూడు గుడ్లు. కోడిగుడ్డులా పెంకు ఉండదు, తెల్లటి మెత్తటి తోలు. ఆయన ఒకదాన్ని వేలితో ముట్టుకున్నాడు.

“ఇవి నాకివ్వండి సార్. ఇసుకలో పెడతాను. వీడియోలో చూశాను, తొంభై రోజులకి పిల్లలొస్తాయి.”

“వీటిలో పిల్లలుండవండి. మగది కలవలేదు కదా.”

“రేపల్లెలో శశిధర్ గారింట్లో ఇంకోటి ఉండేదట సార్ అప్పట్లో. అది మగదేమో.”

మూడేళ్ల కిందటి మాట. డాక్టరు నా వైపు చూశాడు, నేను చెబుతాననుకున్నాడు కాబోలు. నేను తల తిప్పుకున్నాను. డాక్టరే దూదిలో గుడ్లు సర్ది అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.

మర్నాడు పొద్దున సూర్యలంక వెళ్లాం. సరుగుడు చెట్ల కింద ముందు సుల్తాన్‌ని పూడ్చాం. తర్వాత నాలుగడుగులు పక్కకి జరిగి, ఆయన గుడ్లకి గుంట తవ్వడం మొదలుపెట్టాడు. పార తెచ్చుకున్నాడు కానీ వాడలేదు. ఒక చేతి తర్వాత ఒక చెయ్యి, ఇసుక వెనక్కి తోస్తూ, అది తవ్వినట్టే తవ్వాడు. తడి తగిలాక లోపల వెడల్పు చేశాడు. పెట్టె తెరిచి ఒక్కో గుడ్డూ రెండు వేళ్లతో తీసి, దొర్లకుండా పెడుతున్నాడు.

“ఏప్రిల్ మొదటి వారం అవుతుంది,” అన్నాడు. “చుట్టూ వల కడతాను, కుక్కలు రాకుండా. నువ్వు డ్యూటీ లేనప్పుడు వచ్చి చూస్తూ ఉండు. ఒక్కటి బతికినా చాలు షాహీనా. ఒక్కటి చాలు.”

మొహం చూశాను. నిద్ర లేదు, కళ్లు వాచిపోయాయి, అయినా ఆ కళ్లలో ఆశ ఉంది. ఆసుపత్రి వరండాల్లో చూసిందే. ఏప్రిల్ దాకా ఈయన ఈ ఇసుక ముందు కూర్చుంటాడు. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

“వాటిలో ఏమీ లేదండీ,” అన్నాను. “ఖాళీవి. కోడిపెట్ట పుంజు లేకుండా పెట్టిన గుడ్ల లాంటివి.”

“డాక్టరు అలాగే అంటాడు. ఆయనకేం తెలుసు.”

“డాక్టరు కాదు. ఒక మేడం చెప్పింది నాకు. డిసెంబర్లో, మీరు కాగితాలకి వెళ్లినప్పుడు. ఇది ఆడదని, గుడ్లున్నాయని చెప్పింది. నా చేత తడిమించింది. తాడు విప్పి ఇక్కడే, ఈ చెట్ల కిందే వదిలెయ్యమంది. పది పన్నెండు రోజుల్లోపు వదలకపోతే చచ్చిపోతుందని కూడా చెప్పింది. మీకు చెప్పమంది. నేను చెప్పలేదు.”

ఆయన చేతిలో ఒక గుడ్డుంది. దాన్ని అలాగే పట్టుకున్నాడు. అలలు అటు వైపు మామూలుగా పడుతున్నాయి. తిడతాడనుకున్నాను. కొట్టినా పడతాను అనుకున్నాను. ఒకవేళ ‘నువ్వు చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదులే, సీజను వదులుకునేవాణ్ణి కాదులే’ అంటాడేమోనని ఆశపడ్డాను. ఆ ఒక్క మాట అంటే నేను బతికిపోదును.

నా వైపు చూడకుండానే అన్నాడు.

“నువ్వు చెప్తే నేనెప్పుడు వినలేదు షాహీనా?”

నిజమే, ఎప్పుడూ విన్నాడు. ఆయన ఆ గుడ్డుని గుంటలో పెట్టాడు. పెట్టెలో మిగిలినవి కూడా ఒక్కొక్కటే తీసి పెట్టాడు. అన్నీ అయ్యాక నేను ఇసుక తోయబోతే నా చెయ్యి పక్కకి జరిపి, తనే పూడ్చుకున్నాడు.